సీతమ్మగారి విస్తరి – నేనిచ్చిన ఒక్క స్టారు

ప్రతి ఏటా మన విద్యార్థి సంఘం వార్షిక సంచికలో మహనీయుల జీవితకథలు నాలుగైదయినా ఉంటాయి. సైన్సు విద్యార్థి కలం పట్టాడంటే సర్ సి.వి. రామన్ గురించో, ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించో రాస్తాడని అందరూ అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఈ ఏడు నా మనసు ప్రయోగశాల వైపు పోలేదు, వంటింటి వైపు పోయింది. ఏ పట్టాలూ పదవులూ లేకుండా కట్టెల పొయ్యి ముందే జీవితమంతా గడిపి, చనిపోయిన నూరేళ్లకు పైబడి కూడా జనం నోళ్లలో నానుతున్న ఒక తల్లి గురించి రాయాలనిపించింది. ఆమే గోదావరి సీమ అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారు.

ఇంత పెద్దావిడను తలుచుకోవడానికి నాకు దొరికిన కారణం మాత్రం చాలా చిన్నది. చెబితే నవ్వుతారు. దానికి కారణం ఒక బర్గరు.

మాది మైపాడు. నెల్లూరికి పాతిక కిలోమీటర్లు, సముద్రం ఒడ్డు. మావాళ్లు పట్టే వృత్తి వల కాదు, నాగలి. కొంచెం వరి, కొంచెం వేరుశనగ, గట్ల మీద నాలుగు సరుగుడు చెట్లు, అంతే మా ఆస్తి. అట్లాంటి నేను పోయినేడు ఒక మిత్రుడి పుట్టినరోజని మరో ముగ్గురితో కలిసి నెల్లూరులో ఒక బర్గరు దుకాణానికి పోయాను. నలుగురికీ కలిపి అయిన బిల్లు మా చేలో కలుపు తీసే ఇద్దరి రోజు కూలిని మించింది. అంత డబ్బు పెట్టాం కదా అని మహారాజుల్లాగా కూర్చున్నాం. ఇరవై నిమిషాలైనా పళ్లెం రాలేదు. వచ్చాక చూస్తే బన్ను చల్లారిపోయింది, బంగాళాదుంప ముక్కలు మెత్తబడిపోయాయి. అడిగిన సాసు మరిచిపోయినాడు. తెచ్చిన కుర్రాడి ముఖంలో నవ్వు కూడా లేదు.

తిని బయటికొస్తే ఫోను అడిగింది, ఆహారానికి ఎన్ని స్టార్లు, సేవకు ఎన్ని స్టార్లు అని. ఆహారానికి మూడిచ్చాను. సేవకు ఒక్కటే ఇచ్చాను. అంతటితో ఊరుకోక కింద నాలుగు వాక్యాలు వెటకారంగా రాసి, ఆ కుర్రాడి చొక్కా మీదున్న పేరు కూడా చేర్చాను. మిత్రులు మెచ్చుకున్నారు. నాక్కూడా ఏదో న్యాయం చేసినట్టే అనిపించింది.

రెండు వారాల తర్వాత అదే ముఖం మన కళాశాల సైకిళ్ల షెడ్డు దగ్గర కనిపించింది. మనవాడే! ఆర్ట్సు విభాగం, నాకంటే ఒక ఏడు చిన్న. మాకు దగ్గరి పల్లె నుంచే వస్తాడట. మాటల్లో తెలిసింది, ఆ రోజు పని చేయాల్సిన ఇద్దరు రాకపోతే ఒక్కడే మూడు పనులు చేశాడని, ఎవరో పేరు పెట్టి రాసినందుకు సాయంత్రం పని గంటలు తగ్గించేశారని, ఆ డబ్బుతోనే గది అద్దె కడుతున్నాడని. అతను ఎవరినీ తిట్టలేదు. ఎవరో తొందరలో ఉండుంటారులే అన్నట్టు తేలికగా తీసేశాడు. ఆ ఎవరో నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. తల ఊపి వచ్చేశాను.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. అవ్వ బన్ను గురించి అడగలేదు, డబ్బు గురించీ అడగలేదు. ఆ పిల్లోడు ఆ పూట అన్నం తిన్నాడా లేదా అని అడిగింది. నాకు జవాబు తెలియదు. పక్కనే చదువుకుంటున్న చెల్లెలు తల ఎత్తి, మా బడిలో మధ్యాహ్నం అన్నానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు, ఆమె ఎవరు అని అడిగింది. అవ్వకు ఆమె గురించి తెలిసింది కొంచెమే, అదీ ఎప్పుడో హరికథలో విన్నది. ఆ కొంచెం నన్ను పట్టుకుంది. దొరికినవి చదివాను. చదివినకొద్దీ నేనిచ్చిన ఒక్క స్టారు నాకే గుచ్చుకోవడం మొదలైంది.

*

సీతమ్మగారు 1841లో గోదావరి సీమలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. తండ్రి పేరు భవానీశంకరమే అయినా ఊళ్లో వాళ్లు ఆయన్ను బువ్వన్న అని పిలిచేవారట. ఆకలని వచ్చిన వాడికి ముందు బువ్వ పెట్టి ఆ తర్వాతే మిగతా సంగతులు అడిగేవాడు గనుక ఆ పేరు వచ్చింది. మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంటుంది, ఊరు పెట్టిన పేరు ఒకటుంటుంది. మా పల్లెల్లో ఊరు పెట్టే పేర్లు సాధారణంగా ఎగతాళికే పుడతాయి. బువ్వన్న అన్న పేరు మాత్రం ఒక బిరుదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు అన్నం పెట్టడం ఒకరు నేర్పాల్సిన విద్య కాలేదు. తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి బరువు, వంటింటి బరువు ఆ పిల్ల మీదే పడ్డాయి.

సీతమ్మగారి బాల్యం గోదావరి దశ తిరిగిన కాలం. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే ఆమెకు ఆరేళ్లప్పుడు మొదలై పదకొండేళ్లకు ముగిసింది. అంతకుముందు అదే గోదావరి పక్కన ఉన్నా వానలు తప్పితే జనం కరువుతో మాడిపోయేవారు. కాలువలు వచ్చాక డెల్టా అంతా వరి చేలయింది. రైతుబిడ్డగా నేను దీన్ని మరిచిపోలేను. ఎంత పెద్ద దాత అయినా చేతిలో గింజ ఉంటేనే కదా పెట్టేది! సీతమ్మగారి చేతి వెనుక గోదావరి నీళ్లున్నాయి, ఆ నీళ్లు పారిన మళ్లున్నాయి, ఆ మళ్లలో నడుములు వంచిన మనుషులున్నారు.

ఆమె పెళ్లి కథ కూడా ఒక విస్తరి ముందే మొదలైంది. లంకల గన్నవరంలో డొక్కా జోగన్నగారని ఒక వేదపండితుడు, భూవసతి గల రైతు. ఒక పండిత సభకు వెళ్లి వస్తూ దారిలో పొద్దుపోతే భవానీశంకరంగారింట దిగారట. ఆ ఇంటి పిల్ల వడ్డించే తీరు, అలసి వచ్చిన మనిషిని ఆదరించే తీరు చూసి, ఈ పిల్ల మా ఇంటికి వస్తే బాగుంటుందని అనుకున్నారట. పెద్దలు మాట్లాడుకున్నారు, పెళ్లయింది. ఆలోచిస్తే జోగన్నగారు కూడా ఆ రోజు ఆహారం, సేవ చూసి తీర్పు చెప్పినవారే. అయితే ఆ తీర్పు చెప్పి లేచిపోలేదు. తన ఇంటినీ పొలాన్నీ జీవితాన్నీ ఆ తీర్పు మీదే పెట్టారు.

డొక్కా అన్నది ఆయన ఇంటిపేరు. మా వైపు డొక్క అంటే కడుపు. ఆకలైతే డొక్క అంటుకుపోయిందంటాం. ఇంటిపేరుకూ చేసిన పనికీ ఇంతగా పొత్తు కుదిరిన మనిషిని నేనింకొకరిని చూడలేదు.

*

లంకల గన్నవరం ఉన్న చోటు గురించి తెలియకపోతే సీతమ్మగారి గొప్పతనం సగమే తెలుస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. వసిష్ఠ పాయ నుంచి వైనతేయ విడిపోయేది ఈ గన్నవరం దగ్గరే. ఎటు చూసినా నీళ్లు, నడుమ లంకలు. రైలు లేదు, బస్సు లేదు, వంతెనలు లేవు. ఎటు పోవాలన్నా రేవు దాటాల్సిందే. పడవ ఎప్పుడొస్తుందో గాలికి ఎరుక, ఏటికి ఎరుక. అంతర్వేది తీర్థానికి పోయేవాళ్లు, పెళ్లిళ్లకు పోయేవాళ్లు, వ్యాపారాలకు, కోర్టు పనులకు పోయేవాళ్లు, వరదకు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, అందరూ ఆ రేవుల్లో చిక్కుకునేవారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అదొక జంక్షను. అయితే అక్కడ క్యాంటీను లేదు. ఉన్నది డొక్కా వారిల్లు ఒక్కటే.

ఆ ఇంటి తలుపుకు వేళ లేదు. పగలు వచ్చినా, అర్ధరాత్రి ఆఖరి పడవలో దిగి వచ్చినా పొయ్యి మళ్లీ రాజేసేవారు. వచ్చినవాడు ఎవరు, ఏ కులం, ఏ మతం, ఎంతమంది, ఎన్నాళ్లుంటారు అన్న ఆరా లేకుండా అన్నం పెట్టారని ఆ సీమంతా చెప్పుకుంటుంది. ఇది ఏ రోజుల మాట? మద్రాసు రాష్ట్రంలో 20వ శతాబ్దం నడిమి వరకు కూడా కొన్ని కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. డబ్బులిచ్చి తాగే కాఫీకే అంత పట్టింపు ఉంటే, అంతకు ఎంతో ముందు ఒక బ్రాహ్మణ గృహిణి ఆకలికి కులం లేదని తలచి నడుచుకోవడం చిన్న సంగతి కాదు.

మనం ఈనాడు ఫాస్ట్ ఫుడ్ అంటాం. ఆ పద్ధతి పుట్టిందెలాగో కూడా కాస్త చదివాను. అమెరికాలో శాన్ బెర్నార్డినో అన్న ఊళ్లో మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో తమ హోటలును కొన్నాళ్లు మూసి, పద్ధతి మొత్తం మార్చి తెరిచారు. పదార్థాల జాబితాను తొమ్మిదికి తగ్గించారు. కారు దగ్గరికి తెచ్చి అందించే పనివాళ్లను తీసేశారు. పింగాణీ పళ్లేలు పోయి కాగితపు పొట్లాలు వచ్చాయి. ఒకడు ముక్క కాలుస్తాడు, ఒకడు బన్ను సిద్ధం చేస్తాడు, ఒకడు కడతాడు. కారు కంపెనీలో కారు తయారైనట్టు బర్గరు తయారవుతుంది. ధర 15 సెంట్లు. తర్వాత 1955 నుంచి రే క్రాక్ అనే ఆయన దాన్ని దేశమంతా పరిచాడు. నాణ్యత, సేవ, శుభ్రత, ఇచ్చిన డబ్బుకు తగ్గ విలువ అని దుకాణాన్ని తూచే కొలతలు పెట్టాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అవి మంచి కొలతలే. పేదవాడికి కూడా శుభ్రమైన చోట చౌకగా, త్వరగా తిండి దొరకడం తప్పెలా అవుతుంది? ఇక్కడ పంతొమ్మిదో శతాబ్దపు గన్నవరానికీ ఆ దుకాణానికీ పోటీ పెట్టాలని నా ఉద్దేశం కాదు. ఒకటి వ్యాపారం, ఒకటి వితరణ.

కాని ఆ కొలతలన్నీ తినేవాడి కుర్చీలో కూర్చుని చూసేవే. వడ్డించేవాడి వైపు నుంచి చూసే కొలత ఒక్కటీ అందులో కనపడలేదు. సీతమ్మగారి ఇంటిని నిలబెట్టింది ఆ రెండో వైపు కొలత. వచ్చినవాళ్లలో తినకుండా వెళ్లినవాడు ఎవడైనా ఉన్నాడా అన్నదొక్కటే ఆమె లెక్క.

ఆ లెక్క నిలపడానికి ఎంత కష్టమో వంటిల్లు ఎరిగినవాళ్లకు తెలుస్తుంది. మా ఇంట నాట్ల రోజుల్లో ఇరవై మందికి వండితే ఐదు కేజీల బియ్యం ఎగిరిపోతాయి. అమ్మ, పిన్ని తెల్లవారుజామున నాలుక్కి లేస్తారు. గ్యాసు పొయ్యి ఉండి, మిల్లు బియ్యం ఉండి, మోటారు నీళ్లుండి కూడా ఆ రోజు సాయంత్రానికి ఇద్దరూ గోడకు చేరగిలబడతారు. సీతమ్మగారి కాలానికి ఇవేవీ లేవు. వడ్లు రోట్లో దంచాలి, చెరగాలి. నీళ్లు మోసుకురావాలి. వానాకాలం తడికట్టెలు ఊది ఊది కళ్లు మండిపోవాలి. ఎసరు కాగాలి, అన్నం ఉడకాలి, గంజి వార్చాలి. బర్గరు ముక్కకు గంట కొట్టే యంత్రం ఉంది గాని అన్నానికి తొందర చెప్పే యంత్రం లేదు. నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుందని మేం ల్యాబులో రాసుకుంటాం. ఆకలితో ఉన్న పిల్లవాడు గుమ్మంలో ఏడుస్తుంటే ఆ నూరు డిగ్రీలు రావడానికి ఎంత సేపు పడుతుందో ఆ తల్లికి తెలుసు.

*

ఆమె నడివయసులో దక్షిణ దేశాన్ని మహాక్షామం ముంచింది. 1876 నుంచి 1878 వరకు సాగిన ఆ కరువును మనవాళ్లు ధాత కరువు అన్నారు. మన నెల్లూరు జిల్లా కూడా దాని దెబ్బ తిన్నది. లక్షల మంది చనిపోయారు. అప్పుడు ప్రభుత్వం తరపున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని, కరువు పనుల్లో రాళ్లు మోసే మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, కొద్ది చిల్లర చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఒళ్లొంచి పని చేసే మనిషికి అది ఎట్లా చాలుతుందని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు ఆ కొలత మార్చక తప్పలేదు.

అది కూడా ఒక తీర్పే. కడుపు నిండిన మనిషి కాగితం మీద రాసిన తీర్పు. ఎదురుగా నిలబడ్డ ముఖాన్ని చూడకుండా అంకె వేస్తే ఆ అంకె ఎంత క్రూరంగా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కాలువ నీళ్లున్న గోదావరి డెల్టా ఆ కరువులో మిగతా సీమల్లాగా ఎండలేదు, పైగా ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపింది. అట్లాంటి సీమ నడుమ, అట్లాంటి రోజుల్లో కొలత లేకుండా వడ్డించే చెయ్యి ఒకటి ఉండడం ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. పౌను లెక్క రాసిన అధికారి పేరు చరిత్ర పుస్తకాల్లో మాత్రమే ఉంది. లెక్క చూడని సీతమ్మగారి పేరు బడిపిల్లల పళ్లెం దాకా వచ్చింది.

కొలత చూడకుండా పెడితే ఆస్తి నిలుస్తుందా? నిలవదు. జోగన్నగారి సంపద తరిగింది, ఇబ్బందులు వచ్చాయి. భూమి అమ్మడమంటే రైతుకు ఒంట్లో మాంసం కోసి ఇచ్చినట్టే. మా నాయన ఒకసారి అరెకరం అమ్మి వచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే సీతమ్మగారి కథలో జోగన్నగారిని పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆస్తి మీద ఆడవాళ్లకు హక్కు లేని ఆ కాలంలో ఆయన కాదంటే ఆ పొయ్యి ఆరిపోయేది. ఆయన కాదనలేదు.

*

సీతమ్మగారి గురించి చెప్పుకునే కథల్లో నాకు బాగా నచ్చింది అంతర్వేది ప్రయాణం. వసిష్ఠ సముద్రంలో కలిసే చోట అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. వచ్చేపోయే యాత్రికులందరికీ అన్నం పెట్టి సాగనంపిన ఆమెకు తాను మాత్రం ఆ స్వామిని చూసే తీరిక దొరకలేదు. చివరికి ఒకసారి ఎట్లాగో వీలు చేసుకుని బయలుదేరారట. దారిలో ఒక చోట విశ్రాంతికి ఆగినప్పుడు అటువైపు నుంచి వస్తున్న ఒక పెళ్లివారి గుంపు మాటలు చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓపిక పడితే గన్నవరం వస్తుందని, అక్కడ సీతమ్మగారింట కడుపు నిండా తినవచ్చని పెద్దలు వాళ్లను ఊరడిస్తున్నారు. ఆమె ఇక ముందుకు పోలేదు. వెంటనే వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి, వాళ్లు వచ్చేసరికి వంట సిద్ధం చేశారట.

భక్తులు ఈ కథను అన్నదానమే దైవదర్శనమని అర్థం చేసుకుంటారు. నాకు ఇంకొకటి తోచింది. ఆ పెళ్లివారు ఆమెను ఎదురుగా పొగడలేదు. ఆమె వింటున్నదని వాళ్లకు తెలియదు. దారిన పోయేవాళ్లు ఆకలితో ఉన్న పిల్లలకు ఒక ఇంటి పేరు చెప్పి ధైర్యం ఇవ్వగలిగారంటే ఆ ఇంటికి అంతకంటే పెద్ద స్టారు ఏముంటుంది? ఆమె మాత్రం ఆ పొగడ్తను సంతోషంగా తీసుకుని ముందుకు పోలేదు. అది తన మీద పెట్టిన అప్పు అనుకుని, తీర్చడానికి వెనక్కి వచ్చారు.

ఆమె పేరు చివరికి తెల్లదొరల దాకా పోయింది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాల్లో భాగంగా 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. ఆ పట్టాభిషేక సందర్భంలో ఆమెకు కూడా పిలుపు వచ్చిందని, అధికారులు వచ్చి అడిగినా ఆమె రానన్నారని చెబుతారు. పేరు కోసం పెట్టిన అన్నం కాదనీ, తాను పోతే వచ్చినవాళ్లకు పెట్టేదెవరనీ ఆమె సందేహం. ఆమెను తీసుకురాలేకపోతే తమ ఉద్యోగాలకు ముప్పని అధికారులు బతిమాలితే, వాళ్ల కోసం ఫోటో తీయించుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారట. సన్మానం వద్దన్నది తన కోసం, ఫోటోకు ఒప్పుకున్నది వచ్చిన ఉద్యోగుల కోసం. ఈ చివరి ముక్క చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. తన వల్ల ఒక చిరుద్యోగి పని పోకూడదని ఆ తల్లి తన పట్టుదలనే సడలించుకున్నది. నేను చల్లారిన ఒక బన్ను కోసం ఒక తోటి విద్యార్థి పని గంటలు పోగొట్టాను.

సీతమ్మగారు 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాటన్ దొర నాటి పాత అక్విడెక్టు పక్కనే మన కాలంలో కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఏటి మీదుగా కాలువ నీటిని దాటించి అవతలి లంక పొలాలకు అందించే కట్టడం అది. ఎవరు ఆలోచించారో గాని ఎంతో తగిన పేరు. తర్వాత 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు కూడా దాన్ని విస్తరించింది. మా చెల్లెలు రోజూ ఆ పేరు కిందే కూర్చుని తింటున్నది.

*

ఇంత రాశాక ఒక సందేహం మిత్రులకు రావచ్చు. డబ్బిచ్చి కొనుక్కున్న తిండి బాగాలేదని చెప్పే హక్కు కూడా మనకు లేదా? ఉంది. పాచిపోయింది పెడితే, అపరిశుభ్రంగా ఉంటే తప్పకుండా నిలదీయాలి. హాస్టలు అన్నంలో పురుగు వస్తే సీతమ్మగారిని తలుచుకుని మింగమని నేను చెప్పను. ఆమే ఉంటే ముందు ఆ వంటమనిషినే పిలిచి అడిగేది. నిలదీయాల్సింది యాజమాన్యాన్ని, పద్ధతిని. ముగ్గురి పని ఒక్కడి చేత చేయించిన వాళ్లను అడగకుండా, ఎదురుగా కనపడ్డ ఒక్కడి పేరు రాసి పోవడం సులువు. నేను ఆ సులువైన పని చేశాను.

ఇంకొక సందేహం నాకే వచ్చింది. సీతమ్మగారింట వడ్లు దంచిన ఆడవాళ్లు, విస్తరాకులు కుట్టిన చేతులు, నీళ్లు మోసిన భుజాలు ఎవరివి? వాళ్ల పేర్లు మనకు మిగల్లేదు. ఒక్కరే అంతమందికి వండడం మానవమాత్రులకు సాధ్యం కాదు కదా. ఆమె పేరు చెప్పుకున్నప్పుడల్లా ఆ పేరులేని వాళ్లకు కూడా మనసులో ఒక నమస్కారం పెట్టుకోవాలని నాకనిపిస్తుంది.

2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజులు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. రోడ్లు మునిగి ఊరికి పోయే దారి లేక ఒక రాత్రి నేను నెల్లూరులో చిక్కుకుపోయాను. ఒక కల్యాణ మండపంలో ఎవరో పిలిచి కూర్చోబెట్టారు. అన్నం కొంచెం ముద్దయింది, సాంబారులో ఉప్పు తక్కువ. వడ్డించిన ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆయన పేరు నాకు తెలియదు, అడగలేదు కూడా. ఆ రాత్రి ఉప్పు తక్కువైందన్న సంగతి ఇన్నేళ్లకు ఇది రాస్తుంటే గుర్తొచ్చింది గాని తినేటప్పుడు తట్టనే లేదు. నాలుక అదే, నేనూ అదే. ఆకలి ఉన్నప్పుడు వడ్డించే చెయ్యి కనిపించింది. జేబులో డబ్బున్నప్పుడు పళ్లెం ఒక్కటే కనిపించింది.

ఇప్పుడు ఎక్కడ తిన్నా స్టార్లు అడిగితే ముందు ఒకసారి లోపలికి తొంగి చూస్తున్నాను. ఎంతమంది పని చేస్తున్నారు, ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నారు అని. తప్పుంటే ఆ మనిషితోనే మెల్లగా చెబుతున్నాను. పేరు మాత్రం రాయడం లేదు, బాగుందని మెచ్చుకోవడానికి తప్ప.

ఈ సంచిక కళాశాలలో అందరి చేతికీ వస్తుంది. ఆర్ట్సు విభాగం ద్వితీయ సంవత్సరంలో ఉన్న ఆ తమ్ముడి చేతికి కూడా వస్తుంది. సైకిళ్ల షెడ్డు దగ్గర చెప్పలేకపోయిన మాట ఇక్కడ చెబుతున్నాను. తమ్ముడూ, ఆ రాసింది నేనే. తప్పయింది. ఈ నెలలో ఒక ఆదివారం మైపాడు రా. మా అవ్వ నిన్ను తీసుకురమ్మని ఇప్పటికే రెండుసార్లు అడిగింది. చేపల పులుసు అవ్వే చేస్తుంది. వడ్డించేది మాత్రం నేను. తిన్నాక నాకు ఎన్ని స్టార్లో నువ్వే చెప్పు.